తుప్పు వదిలిన ఇనుము

ఇనుము పుట్టుకే తుప్పులోంచి. భూమిలో దొరికే ఇనుపరాయి, వానకు తడిసిన పెనం మీద పేరుకునే ఎర్రపొర, రెండూ ఇనుమూ ప్రాణవాయువూ కలిసి ఏర్పడినవే. కొలిమిలో బొగ్గు సాయంతో ఆ ప్రాణవాయువును విడగొడితే ఇనుము మిగులుతుంది. గాలికీ తేమకూ వదిలేస్తే అది మెల్లగా మొదటి రూపానికే పోతుంది. అలా పోకుండా వస్తువును పనిలో నిలబెట్టడమే కమ్మరి వృత్తి. చిత్తూరు సీమ పడమటి మెట్టమీద ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఆ వృత్తి చరిత్ర చాలావరకు పాత ఇనుమును మళ్ళీ కొత్త చేసుకున్న చరిత్రే.

ఈ మూడు ఊళ్ళూ సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. వాన తక్కువ, గాలి పొడి. కోస్తాలో ఉప్పుగాలికి ఏడాది తిరిగేసరికి పొరలు పొరలుగా ఊడిపోయే ఇనుము ఇక్కడ చాలా ఏళ్ళు నిలుస్తుంది. పాలన చూస్తే ఒకప్పుడు మూడూ ఒక చెట్టు కొమ్మలు కావు. మదనపల్లె కడప జిల్లాలో తాలూకా. పుంగనూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో జమీందారీ. కుప్పం అదే జిల్లాలో కంగుంది జమీందారీ కింది ఊరు. 1911 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక మూడూ ఒక గొడుగు కిందికి వచ్చాయి. కానీ పొలం పనిముట్లు, బండి, సంగటి కుండ, కొలిమి మాత్రం అంతకు ముందు నుంచీ ఒకటే.

ఇనుముతో ఈ నేలకున్న పరిచయం చాలా పాతది. కుప్పానికి ఆనుకొని ఉన్న కృష్ణగిరి జిల్లాలోని మయిలాడుంపారైలో జరిగిన తవ్వకాల్లో ఇనుము వాడకం క్రీ.పూ. 2172 నాటికే ఉందని తేలినట్టు తమిళనాడు ప్రభుత్వం 2022లో ప్రకటించింది. సరిహద్దు గీతలు మన కాలానివి. ఆనాటి కొలిమికి తెలుగు, తమిళ, కన్నడ భేదం ఉండి ఉండదు. పాలమనేరు చుట్టుపక్కల జనం పాండవుల గుళ్ళని పిలిచే పెద్దరాతి సమాధులున్నాయి. దక్షిణాదిలో అలాంటి సమాధులు తవ్విన చాలాచోట్ల ఇనుప కత్తులు, బాణపు మొనలు, పనిముట్లు బయటపడ్డాయి. చచ్చినవాడి పక్కన పెట్టి పూడ్చేంత విలువ ఆనాడు ఇనుముకు ఉండేది.

ఆ ఇనుము తీసే పద్ధతి వందల ఏళ్ళు పెద్దగా మారలేదు. మనిషి రొమ్ము ఎత్తున మట్టితో బట్టీ కట్టేవారు. వాగుల్లో వాన తర్వాత మేట వేసిన నల్ల ఇసుకనో, దంచిన ఇనుపరాయినో బొగ్గుతో కలిపి పై నుంచి పోసేవారు. మేకతోలు తిత్తులు రెండు, ఒకటి ఊదుతుంటే ఇంకొకటి గాలి పీలుస్తూ గంటల తరబడి ఆడేవి. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. మట్టి బట్టీకి అంత శక్తి లేదు. అందుకే ఇనుము కరగకుండా మెత్తని ముద్దగా అడుగున చేరేది. మలినం మాత్రం కరిగి చిట్టెంగా కారిపోయేది. ఎర్రని ముద్దను సమ్మెటలతో బాదితే మిగిలిన చిట్టెం కూడా రాలి, కొట్టుడుకు లొంగే ఇనుము దక్కేది. పొలాల్లో అక్కడక్కడా దొరికే నల్లని, బుడగలు కట్టినట్టుండే బరువైన చిట్టెపురాళ్ళు ఆ బట్టీల గుర్తులు.

1800 ఏప్రిల్‌లో మద్రాసు నుంచి బయలుదేరిన ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ఫ్రాన్సిస్ బుకానన్ కనుమలెక్కి, కుప్పానికి దగ్గర్లోని వెంకటగిరికోట మీదుగా మైసూరు రాజ్యంలోకి వెళ్ళాడు. ఆ ప్రయాణంలో ఇనుము తీసేవాళ్ళ బట్టీలను, ఉక్కు చేసే మూసలను దగ్గరగా చూసి, ఎంతమంది పనిచేస్తారో, ఎవరికి ఎంత వాటా వస్తుందో సహా రాసుకున్నాడు. ఆ పుస్తకం 1807లో లండన్‌లో అచ్చయింది. ఇలాంటి మూస ఉక్కును ఐరోపావాళ్ళు వూట్జ్ అన్నారు, ఆ పేరు మన ‘ఉక్కు’ మాట నుంచే వచ్చిందని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం.

తర్వాత అరవై, డెబ్బై ఏళ్ళలో ఆ బట్టీలు ఆరిపోయాయి. కారణం పనితనం తగ్గడం కాదు, బొగ్గు. సేలం ఖనిజంతో పెద్ద కర్మాగారం నడపాలని ఆంగ్లేయుడు జోసయా మార్షల్ హీత్ 1830లో తమిళ తీరంలోని పోర్టోనోవోలో మొదలుపెట్టిన ప్రయత్నం కూడా కట్టెబొగ్గు చాలక దెబ్బతిన్నది. పొయ్యిలో రాక్షసిబొగ్గు వాడి ఇంగ్లండు చేసిన ఇనుము ఓడలకెక్కి చవకగా దిగింది. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటుకు రైలు పడింది. కుప్పం ఆ దారిలోనే ఉంది. 1890లలో పాకాల, ధర్మవరం మధ్య మీటరుగేజి వచ్చి మదనపల్లె రోడ్డు స్టేషను వెలిసింది. కమ్మీలు, రేకులు, పట్టాలు ఇంటి ముందుకే వచ్చినట్టయింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవిలో బొగ్గు కాల్చుకునే వీలూ తగ్గింది. ఇనుము తీసేవాళ్ళు ఆ పని మానుకున్నారు. ఇనుమును సాగదీసే కమ్మరి మాత్రం మిగిలాడు. ఇక అతని ముడిసరుకు రాయి కాదు, కొన్న కమ్మీ. దానికన్నా ఎక్కువగా పాత ఇనుము.

ఊరి కమ్మరికి రైతు డబ్బివ్వడం తక్కువ. కళ్ళంలో పంట నూర్చాక మేర కొలిచేవారు. చాలా ఊళ్ళలో కమ్మరికి మాన్యం ఉండేది. అందుకు బదులు ఏడాది పొడవునా రైతు పనిముట్లు అతని పూచీ. తొలకరికి ముందు, ఏరువాక సాగే రోజుల్లో కొలిమి దగ్గర తెల్లవారకముందే జనం చేరేవారు. నాగటి కర్రు అరిగి పొట్టిదైతే కాల్చి సాగదీసేవాడు. ఇంకా అరిగితే కొత్త ముక్క అతికేవాడు. రెండు ముక్కలనూ తెల్లగా మెరిసేదాకా కాచి, మధ్యలో ఇసుక చల్లి, దాగలి మీద పెట్టి సమ్మెటతో రెండు దెబ్బలు వేస్తే అతుకు తెలియకుండా కలిసిపోయేవి. ఇసుక కరిగి తుప్పుపొరను తనతో ఈడ్చుకుపోతుంది, అందుకే అతుకు పట్టుకుంటుంది. ఆ మాట ఏ పుస్తకం చెప్పకముందే కొలిమికి తెలుసు. ఇక సాగని కర్రు కలుపుతీసే తొలిక అయ్యేది. వంగిన గడ్డపార విరిగితే రాళ్ళు కొట్టే ఉలి, ఉలి అరిగితే మేకు. ఒకే ముక్క ఒక ఇంట్లో మూడు తరాలకు మూడు పేర్లతో పనిచేసేది. గొడ్డలికి ఉక్కు వేయించడమూ ఇందులో భాగమే. ఒళ్ళంతా మెత్తని ఇనుము, వాదర దగ్గర మాత్రం సన్నని ఉక్కు ముక్క. ఉక్కు ఖరీదైనది కాబట్టి పదును ఉండాల్సిన చోటే పెట్టేవారు.

బండి చక్రానికి పట్టా ఎక్కించే రోజు ఊరికి చిన్న పండుగ. పాత పట్టా తుప్పుకూ అరుగుదలకూ వదులై చక్రం నుంచి జారిపోతుంటే కమ్మరి దాన్ని కోసి, కొంత తగ్గించి మళ్ళీ అతికేవాడు. నేలమీద పట్టాను పరిచి చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెడితే ఇనుము వేడికి వ్యాకోచించేది. నలుగురు పటకార్లతో ఎత్తి కొయ్య చక్రం మీదికి దించేవారు. కొయ్య భగ్గున అంటుకునేలోపు కడవలతో నీళ్ళు గుమ్మరించేవారు. ఇనుము ముడుచుకుని ఆకులను, కుండను కటకటమంటూ బిగించేది. ఇరుసుకు ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన. తుప్పును ఆపే ఆ నూనెపొర విద్య పొలం నుంచి వంటింటి దాకా ఒకటే.

చెరుకు పండే చోట అన్నిటికన్నా పెద్ద ఇనుప వస్తువు బెల్లం పెనం. బిహారులోని బిహియాలో థామ్సన్, మిల్న్ అనే దొరలు 1870లలో తెచ్చిన ఇనుప గానుగ దేశమంతా పాకి కొయ్య గానుగలను పక్కకు నెట్టింది. దానితోపాటే వెడల్పాటి రేకు పెనాలు స్థిరపడ్డాయి. కింద చెరుకు పిప్పి మంట, పైన సలసల కాగే రసం. కానీ గానుగ ఆడేది ఏడాదిలో కొన్ని నెలలే. మిగతా కాలమంతా పెనం ఖాళీ. రసం పులుపు, వాన తేమ కలిస్తే నాలుగు వారాల్లో అడుగు ఎర్రబడుతుంది. తుప్పు వదిలించకుండా రసం పోస్తే ఇనుము రసంలోకి దిగి బెల్లం నల్లబడుతుంది, సంతలో ధర పడిపోతుంది. అందుకే గానుగ మొదలెట్టే ముందు ఇసుక, ఇటుకపొడి వేసి పెనం తోమడం, ఉత్త నీళ్ళు కాచి పారబోయడం, ఆ తర్వాతే రసం. చిల్లులు పడిన చోట రేకుముక్క పెట్టి మాటు వేసేవారు. ఒక పెనం అడుగున అయిదారు మాట్లు కనిపించడం వింత కాదు.

వంటింటి పెనం కథ ఇంతకన్నా సూక్ష్మమైనది. ఈ సీమలో పాత పెనానికే గౌరవం. కొత్త పెనం మీద దోసె అంటుకుంటుంది, పదేళ్ళు నూనె తాగిన పెనం మీద ఊదితే లేస్తుంది. అందుకే సంతలోనో, గుజిరీ అంగట్లోనో తుప్పు పట్టిన పెనం కనిపిస్తే తెలిసినవాళ్ళు వదలరు. కొనే ముందు చేసే పరీక్షలు రెండు. మొదటిది చప్పుడు. పెనాన్ని వేలికి తగిలించుకుని గోటితోనో గరిటెతోనో కొడితే నిండు పెనం ఖంగుమంటుంది, బీట ఉన్నది బొదబొదమంటుంది. రెండోది ఎండ. పెనాన్ని సూర్యుడికి ఎదురుగా ఎత్తి అడుగువైపు నుంచి చూడాలి. తుప్పు లోతుగా తిన్నచోట సూదిమొనంత వెలుగు చుక్క కనబడుతుంది. చుక్క కనబడితే అది వంటకు పనికిరాదు, ఇనుము ధరకే కొనాలి. పైకి ఎంత ఎర్రగా ఉన్నా వెలుగు రాకపోతే బేరం చేయవచ్చు. తుప్పు తాను తిన్న ఇనుముకన్నా కొన్ని రెట్లు ఉబ్బుతుంది. పైపొర మందంగా కనిపించినంత మాత్రాన లోపల అంత నష్టం జరిగిందని కాదు.

ఇంటికి తెచ్చాక మొదటి పని నిప్పు. పిడకల మంటలో బోర్లించి పెడితే ఏళ్ళనాటి జిడ్డు, మసి కాలి బూడిదవుతుంది. పొడిగా మారిన తుప్పు పొలుసులు వాటంతటవే లేస్తాయి. ఉన్నట్టుండి చన్నీళ్ళు పోయకూడదు. పోతపెనం అయితే అక్కడే బీటవేస్తుంది. చల్లారాక ఇటుకపొడి, కొబ్బరిపీచుతో గట్టిగా తోమి, గుంటల్లో మిగిలిన ఎరుపుకు నానబెట్టిన చింతపండు పట్టించాలి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. ఎక్కువసేపు ఉంచితే మంచి ఇనుమునూ తింటుంది. ఇత్తడి బిందెకు చేసినట్టు రాత్రంతా నానబెట్టడం ఇక్కడ పొరపాటు. కడిగిన వెంటనే పొయ్యి మీద పెట్టి ఒక్క చెమ్మచుక్క లేకుండా ఆరబెట్టాలి. తోమిన ఇనుము నగ్నంగా ఉంటుంది. తడి ఉంటే కళ్ళముందే నారింజరంగు తిరుగుతుంది.

ఆ తర్వాతది పెనాన్ని పదును చేయడం. ఎర్రగడ్డను సగానికి కోసి, కత్తిమొనకు గుచ్చి, శెనక్కాయ నూనెలో ముంచి కాలుతున్న పెనమంతా రుద్దుతారు. నూనె పొగలు కక్కి, గట్టిపడి, ఇనుముకు అంటుకున్న నల్లని పొరగా మారుతుంది. పలుచగా, పలుమార్లు పూయడంలోనే కిటుకు. ఒకేసారి చిక్కగా పోస్తే జిగటగా మిగిలి, దానికింద మళ్ళీ తుప్పు మొదలవుతుంది. మొదటి రెండు దోసెలు మాడిపోయి, చిరిగిపోయి కుక్కకు పోతాయి. మూడోది తినవచ్చు.

తుప్పు వదిలించే పనికి ఒక పండుగ కూడా ఉంది. మహర్నవమికి ఆయుధపూజ. కన్నడ, తమిళ సీమల పక్కన ఉండటం వల్ల కుప్పం, మదనపల్లె వైపు ఇది మరింత ఘనంగా జరుగుతుంది. కొడవళ్ళు, మచ్చుకత్తులు, గడ్డపారలు అన్నీ బయటికొస్తాయి. పొలుసులు గీకి, నూనె రాసి, విభూతి, కుంకుమ పెట్టి వరసగా పేరుస్తారు. ఆ రోజు కొలిమి ఆరి ఉంటుంది. సుత్తి, సమ్మెట, పటకారు దాగలి మీద పూలతో కూర్చుంటాయి. భక్తితో చేసినా ఇది నూటికి నూరుపాళ్ళు పనికొచ్చే ఆచారం. వానాకాలం తడిసిన పనిముట్టు కోతలకు ముందు ఏడాదికొకసారైనా తప్పకుండా శుభ్రపడుతుంది.

కుప్పం వైపు కమ్మరి పనికి మరో ఊతం దొరికింది. 1880లలో కోలారు బంగారు గనులు లోతుకు దిగాయి. చుట్టుపక్కల తెలుగు, తమిళ పల్లెల నుంచి కూలీలు వెళ్ళారు. రాతిలో తొలిచే ఉలులకు రోజూ వాదర తీయాలి, దానికి కమ్మరి లేకుండా గని నడవదు. గనులు 2001లో మూతపడ్డాయి. కుప్పం ఆకుపచ్చ గ్రానైటు క్వారీలు ఆ చేతులకు కొంత పని ఇచ్చాయి. క్వారీ అంచున చేతితో తిప్పే గాలిమర, గుప్పెడు బొగ్గు, నీళ్ళ డబ్బా పెట్టుకుని ఉలులకు పదును పెట్టే మనిషే అక్కడి కొలిమి.

లారీలు పెరిగాక పాత ఇనుము జాతే మారింది. విరిగిన కమాను పట్టీ కమ్మరికి వరం. అది మంచి బొగ్గుపాలున్న ఉక్కు, నూటికి దాదాపు 0.6 వంతు కార్బన్. దాన్ని కోసి, కాచి, సాగదీస్తే మచ్చుకత్తి, కొడవలి అవుతాయి. వాదరకు వేరే ఉక్కు వేయాల్సిన అవసరం తప్పింది. వీధి వీధీ తిరిగి పాత ఇనుముకు ఎర్రగడ్డలో, ఖర్జూరాలో ఇచ్చే తోపుడుబండి మనిషి నుంచి గుజిరీకి, గుజిరీ నుంచి కొలిమికి ఒక దారి ఏర్పడింది.

రోడ్లు వేసే చోట మిగిలిన తారు డ్రమ్ములు, నూనె డ్రమ్ములు ఈ దారిలో చివరగా వచ్చాయి. 200 లీటర్ల ఉక్కు పీపా 1905లో అమెరికాలో పేటెంటు పొందిన వస్తువు. రెండో ప్రపంచయుద్ధం దాన్ని లోకమంతా చేర్చింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో దాన్ని నిలువునా కోసి మాంసాన్ని పొగకు మగ్గబెట్టే పొయ్యి చేసుకున్నారు. జమైకాలో కూడా అలాగే చీల్చి కోడిమాంసం కాల్చే పెట్టె చేశారు. ఇక్కడ అదే పీపా నీళ్ళ తొట్టి, గుడిసె గోడ, హోటలు పొయ్యి అయింది. రొట్టెలు, కోళ్ళు కాల్చే తందూరీ పొయ్యికి కూడా పైతొడుగు చాలాచోట్ల డ్రమ్మే. లోపల మట్టికుండ, మధ్యలో వేడి పోకుండా మట్టి కూరినది. పాత డ్రమ్మును వంటకు వాడేటప్పుడు లోపలి రంగు, నూనె మడ్డి పూర్తిగా పోయేదాకా ఆరుబయట కాల్చితీరాలి. జింకు పూత ఉన్న రేకును మాత్రం అసలు కాల్చకూడదు. ఆ పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది.

మాంసానికీ కొలిమికీ ఈ సీమలో ఇంకో బంధం ఉంది. ఆదివారం పొద్దున మాంసం కొట్ల దగ్గర గాలిమర కొలిమి వెలుగుతుంది. మేక తలకాయ, కాళ్ళు తెచ్చి ఇస్తే ఇనుప చువ్వకు గుచ్చి నిప్పుల్లో తిప్పుతారు. వెంట్రుక కాలిన ఘాటు వీధంతా కమ్ముకుంటుంది. నల్లబడ్డ చర్మాన్ని కత్తితో గీకి, పసుపు రాసి కడిగితే లోపలి తెలుపు బయటపడుతుంది. ఆ కాలిన వాసన కాళ్ళ పులుసులో మిగలాలి, రాగిసంగటితో ఆ రుచే రుచి. గ్యాసు మంటమీద కాల్చినదానికి ఆ వాసన రాదని సీమవాసుల గట్టి నమ్మకం. బొగ్గు నిప్పులోని ఆరని వేడి చర్మాన్ని సమానంగా కాలుస్తుందని కూడా అంటారు.

వంటింట్లో ఇనుముకు పోటీ చాలా ముందే మొదలైంది. ఆంగ్లేయ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1898లో మద్రాసు చిత్రకళాశాలలో అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టాడు. తేలిక, తుప్పు పట్టదు. తర్వాత స్టీలు వచ్చింది, 1980ల మొదట్లో సేలం స్టీలు కర్మాగారం పనిచేయసాగింది. తర్వాత అంటుకోని పూత పెనాలు. మాటు వేసేవాళ్ళ కేకలు వీధుల్లో ఆగిపోయాయి, కొలిమి పనిలో చాలా భాగం వెల్డింగు అంగడికి పోయింది. ట్రాక్టరు నాగలికి కర్రు సాగదీసే పని లేదు. మేర కొలిచే ఆచారం పోయాక కమ్మరి కుటుంబాలు చాలావరకు వేరే పనులు చూసుకున్నాయి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరి పని ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు అందులో ఉన్నాయి. ఆ సాయం అవసరమే. కానీ కొలిమిని నిలబెట్టేది చివరికి దాని దగ్గరికి పనితో వచ్చే మనిషి.

పూత ఊడిన పెనాన్ని పారేయడం తప్ప చేయగలిగింది లేదు. ఇనుప పెనానికి ఆ గతి రాదు. అటకమీద తుప్పు పట్టి పడి ఉన్న పెనం ఉన్నవాళ్ళు దాన్ని గుజిరీకి తూకం వేసే ముందు ఒక్కసారి ఎండకు ఎత్తి చూడాలి. వెలుగు చుక్క కనబడకపోతే అది ఇంకా దోసెలు పోసుకోదగ్గ పెనమే.